తడి ఆరిన మూత

త్బిలిసి,
2 సెప్టెంబరు 2009

ఒతార్‌కి,

మఠంలో నీకు షియో అని పేరు పెట్టారని తెలుసు. కవరు మీద అదే రాశాను, లేకపోతే మీ గేటు దగ్గరి గడ్డపాయన తిప్పి పంపేస్తాడు. లోపల మాత్రం నాన్న పెట్టిన పేరే రాస్తాను. సగం జీవితం ఆ పేరుతో పిలిస్తే పలికావు. ఇప్పుడూ పలకొచ్చు.

మా కింది అంతస్తు నతేలా నిన్న వచ్చింది. మీ వదినతో కలిసి ఏటా దేవమాత పండక్కి మీ ఖేవిస్కారి మఠానికి వచ్చేది, గుర్తుండే ఉంటుంది. మక్వాలా పోయాక ఈసారి ఒక్కతే వచ్చిందట. మీ మఠం రొట్టె, మీ మఠం వైను, వాటికన్నా బరువైన కబురు ఒకటి మోసుకొచ్చింది. టీ చల్లారేదాకా నసిగింది.

"ఏమనుకోకండి ఎలిజ్బార్ గారూ. పూజలో చనిపోయినవాళ్ల పేర్లు చదివారు కదా, అందులో జకారియా అని విన్నాను. చదివింది మీ తమ్ముడుగారే."

"సరిగ్గా విన్నావా?"

"నాకు పోయింది మోకాళ్లండీ, చెవులు కాదు."

నా కొడుకు చనిపోయాడని నీకెవరు చెప్పారు ఒతార్? యుద్ధంలో సుఖుమి శత్రువుల చేతికి పోయిన రోజు అక్కడి రేవు దగ్గర జకోని చూశామన్నవాళ్లు ఉన్నారు. ఆ తర్వాత చూశామన్నవాళ్లు లేరు. కనబడకపోవడం చావు కాదు. నేను విజ్ఞానకోశం ప్రూఫులు దిద్ది ముసలివాణ్ణయ్యాను. పుట్టిన ఏడాది పక్కన గీత గీస్తాం, రెండో ఏడాది రుజువు కాకపోతే గీత తర్వాత ఖాళీ వదిలేస్తాం. పదహారేళ్లుగా నేను ఆ ఖాళీకి కాపలా కాస్తున్నాను. నువ్వు నింపేశావు.

దేవుడి సంగతి మనం ఎప్పుడో తేల్చుకున్నాం. నా పేరు మీ గుడిలో ఏ జాబితాలోనూ చదవొద్దని నువ్వు అక్కడ చేరిన ఏడాదే రాశాను. జకో పేరు బతికున్నవాళ్ల జాబితాలో చదువుతానని మక్వాలాకి మాటిచ్చావు కనుక దాని జోలికి రాలేదు. మాట తప్పేవాళ్లు మఠం బయట కావలసినంతమంది ఉన్నారు. దానికోసం గడ్డం పెంచక్కర్లేదు.

జవాబు రాయి. ఆశీర్వాదాలు మాత్రం వద్దు.

ఎలిజ్బార్


ఖేవిస్కారి మఠం,
10 సెప్టెంబరు

అన్నయ్యా,

నతేలా గారి చెవులు నిజంగానే బాగున్నాయి. జకారియా పేరు చదివాను. మన నాన్న పేరేమిటో ఒకసారి గుర్తు తెచ్చుకో. మనవడికి తన పేరే పెట్టాలని ఆసుపత్రి మెట్ల మీద నీతో పోట్లాడిన మనిషి ఆయన. ఆయన పేరు ప్రతి పండక్కీ చదువుతాను. బతికున్నవాళ్లలో జకో పేరు కూడా ఆ రోజు చదివాను.

పోయిన వారం వడగళ్లు పడ్డాయి. కింది తోటలో సగం ద్రాక్ష గుత్తులు పుండ్లు పడ్డట్టయ్యాయి. పై తోట మిగిలింది. ఈసారి కోతలు తొందరగా మొదలుపెడతాం.

ఇక అసలు సంగతి. జకో కాగు గురించి. మఠం మూతపడి ఇక్కడ ప్రభుత్వ గోదాము ఉన్న రోజుల్లో నాన్న దానికి కాపలాదారు. మనవడు పుట్టిన శరదృతువులో, సన్యాసులు నేలలో మెడదాకా పాతి వదిలేసి పోయిన మట్టి కాగుల్లో ఒకదాన్ని కడిగి, తెల్ల ద్రాక్ష తొక్కి నింపి, వాడి పెళ్లికి తీద్దామని మూత వేసి, పైన బంగాళాదుంపల బస్తాలు పేర్చి దాచాడు. నీకు తెలిసిన కథే. మఠాధిపతి ఫాదర్ దోసితేకి చెప్పీ చెప్పీ మొదటి నుంచి చెప్పడం అలవాటైపోయింది.

కొండ వైపు కొత్త గోడకి పునాదులు తవ్వారు. కాగుల కొట్టులో నేల కుంగింది. జకో కాగు మెడ పక్కకి ఒరిగింది. పలకరాయి మూత చుట్టూ వేసిన బంకమట్టి మాటిమాటికీ నెర్రెలు విచ్చుతోంది. రోజూ పొద్దున్నే చెయ్యి తడిపి మట్టి మెత్తి వస్తున్నాను. నాలుగు రోజులు వరసగా ఆరనిస్తే లోపలికి గాలి పోతుంది. గాలి పోయాక అది వైను కాదు. అక్టోబరు దాటకముందే దాన్ని పక్క కాగులోకి మార్చాలి.

బిడ్డ కాగు మూత తండ్రి మాట లేకుండా ఎత్తకూడదు కదా. అందుకే అడుగుతున్నాను. పెద్ద ఉత్తరం అక్కర్లేదు. 'ఎత్తు' అని ఒక్క ముక్క రాయి.

మోకాళ్లకి వాల్‌నట్ ఆకు కాచి కట్టుకోమని నతేలా గారికి చెప్పు.

నీ తమ్ముడు,
షియో


త్బిలిసి,
17 సెప్టెంబరు

ఒతార్‌కి,

మొదట పేరు, తర్వాత కాగు. వరస బాగానే కుదిరింది. కొడుకుని చనిపోయినవాళ్లలో కలిపేస్తే ఇక పెళ్లి వైను ఎవరికోసం అని నేనే అంటాననుకున్నారా? నాన్న పేరు చదివానంటున్నావు. చదివే ఉంటావు. అడ్డం పెట్టుకోవడానికి నాన్నకన్నా పెద్ద మనిషి ఎక్కడ దొరుకుతాడు?

దీని వెనక మీ ఫాదర్ దోసితే ఉన్నాడని నాకు తెలుసు. బడిలో నా పక్క బల్ల అతనిది. అప్పుడు కమ్యూనిస్టు యువజన సంఘం కార్యదర్శి. మీ గుడి గంట దించి కరిగించాలని సభలో తీర్మానం వస్తే అందరికన్నా ముందు చెయ్యెత్తాడు. ఇప్పుడు అదే చేత్తో జనాన్ని దీవిస్తున్నాడు. చెయ్యి మారలేదు, గాలి మారింది. చరిత్ర పుస్తకాల్లో ఇలాంటివాళ్లకి పెద్ద పెద్ద అధ్యాయాలు ఉంటాయి. విదేశీ అతిథుల ముందు నలభై ఏళ్ల వైను పొయ్యాలని అతని ముచ్చట. ఆ ముచ్చటకి నా కొడుకు పెళ్లి దొరికింది.

నేల కుంగిందంటే నేలని సరిచెయ్యండి. గోడ కట్టినవాళ్లని అడగండి. మూత జోలికి పోవద్దు. జకో వచ్చి, పెళ్లి చేసుకుని, తన చేత్తో సొరబుర్ర ముంచి మొదటి గిన్నె తీసేదాకా ఎవరూ ఎత్తొద్దు.

నిన్న దుకాణానికి వెళ్లి రెండు సీసాల బీరు తెచ్చాను. ఒకటి గ్లాసులో పోసుకుని నీ ఆరోగ్యం కోరి తాగాను. మనవాళ్లు బీరుతో ఆరోగ్యం కోరేది శత్రువులకేనని నీకు గుర్తు చేయక్కర్లేదు. రుచి ఘోరం. అయినా తృప్తిగా ఉంది.

ఎలిజ్బార్


ఖేవిస్కారి మఠం,
6 అక్టోబరు

అన్నయ్యా,

ఉత్తరాలతో తేలేట్టు లేదని నేనే వచ్చాను. కోతల మధ్యలో బయలుదేరతానంటే ఫాదర్ దోసితే ముఖం చిట్లించుకున్నారు. "మీ అన్న సంగతి నాకు తెలుసు, వెళ్లినా ఒకటే వెళ్లకపోయినా ఒకటే. అయినా వెళ్లు, వెళ్లకపోతే నీకు నిద్ర పట్టదు" అన్నారు.

నీ తలుపు కొట్టాను. లోపల రేడియోలో ఎవరో పాడుతున్నారు. రెండోసారి కొట్టగానే పాట ఆగిపోయింది. కొంతసేపు మెట్ల మీద కూర్చున్నాను. నతేలా గారు పైకి వచ్చారు.

"లోపలే ఉన్నారండీ. పొద్దున రొట్టె తెచ్చుకుంటూ కనబడ్డారు. గట్టిగా కొట్టండి."

"గట్టిగానే కొట్టానమ్మా."

"అయితే వినబడే ఉంటుంది. లేవండి, ఆ చల్లటి రాతి మీద కూర్చుంటే రొమ్ము పట్టేస్తుంది."

ఆవిడ అన్నట్టే అయింది. జ్వరం తగిలి వాళ్లింట్లోనే సోఫా మీద పడుకున్నాను. నీకు చెబుతానన్నారు, నేనే వద్దన్నాను. కాస్త లేవగలిగాక బస్సెక్కి నిన్న సాయంత్రం చేరాను.

కోతలు ముగింపుకి వచ్చాయి. ఈ ఏడాది రసం పలచగా ఉంది కానీ వాసన బాగుంది. కాగుల్లో పిప్పి పైకి పొంగుతోంది. రోజంతా కర్రలతో కిందికి నొక్కడమే పని. నేను లేనప్పుడు జకో మూత తడుపుతూ ఉండమని చెప్పి వెళ్లాను, కోతల హడావిడిలో అందరూ మరిచిపోయారు. మట్టి ఎండి విచ్చుకుంది. రాగానే మళ్లీ మెత్తాను. ఏమీ కాలేదనే అనుకుంటున్నాను.

ఇప్పటికీ మించిపోలేదు. ఆ ఒక్క ముక్క రాయి.

నీ తమ్ముడు,
షియో


త్బిలిసి,
13 అక్టోబరు

ఒతార్‌కి,

అవును, లోపలే ఉన్నాను. రేడియో ఆపింది నేనే. తలుపు తెరిస్తే నువ్వు ఏడుస్తావు, నువ్వు ఏడిస్తే నేను సరే అంటాను. చిన్నప్పటి నుంచీ అంతే కదా. నా సైకిలు కూడా అలాగే పోయింది. నువ్వు కింది ఇంట్లో జ్వరంతో పడి ఉన్నావని మాత్రం నాకు తెలియదు. ఆ సంగతి నీ ఉత్తరంలో చదవాల్సి వచ్చింది.

ఆదివారం టీవీలో మీ మఠం చూశాను. మీ దోసితే వెండి గిన్నె ఎత్తి పట్టుకుని, "ఇది మా పాత కాగులోది, దీని వయసు చెబితే మీరు నమ్మరు" అంటున్నాడు. చుట్టూ విదేశీయులు కళ్లు మూసుకుని చప్పరిస్తున్నారు. పాత కాగు ఏదో నేను అడగను. అడిగితే అబద్ధం చెప్పాల్సిన పని నీకు పడుతుంది.

ఇంకొకటి మాత్రం అడుగుతాను. నతేలాని మళ్లీ పిలిచాను. ఒకే పదం రెండుసార్లు పడితే పట్టుకోవడం నా వృత్తి.

"ఆ పేరు ఎన్నిసార్లు విన్నావు?"

"రెండుసార్లండీ. ఒకదాని వెనక ఒకటి. జకారియా, జకారియా అని."

"రెండూ చనిపోయినవాళ్లలోనేనా?"

"అందులోనేనండీ. బతికున్నవాళ్ల పేర్లప్పుడు నేను బయట కొవ్వొత్తులు కొనుక్కుంటున్నాను."

నాన్న ఒక్కసారే చచ్చాడు ఒతార్. ఆ రెండో జకారియా ఎవరు?

ఎలిజ్బార్


ఖేవిస్కారి మఠం,
22 అక్టోబరు

అన్నయ్యా,

టీవీలో చూపించింది మూడేళ్ల వైను. కెమెరా కనబడితే ఫాదర్ దోసితే వైను వయసు పెంచుతారు, తన వయసు తగ్గిస్తారు. జకో కాగు మూత ఎవరూ ఎత్తలేదు. మార్చెయ్యమని ఆయన నాకు రెండుసార్లు ఆజ్ఞ ఇచ్చారు. తండ్రి మాట రాలేదని నేను వినలేదు. మఠంలో ఆజ్ఞ మీరితే ఏమవుతుందో నీకు తెలియదులే. భోజనాల గదిలో అందరూ తినేదాకా నిలబడే ఉన్నాను.

రెండో జకారియా నీ కొడుకే.

వదిన అడిగింది. పోవడానికి నాలుగేళ్ల ముందు పండక్కి వచ్చినప్పుడు, పూజ అయ్యాక కాగుల కొట్టు గడప మీద కూర్చుంది. నేను మట్టి మెత్తుతుంటే చాలాసేపు చూసింది.

"ఒతార్, వాణ్ణి రెండో జాబితాలో, పోయినవాళ్ల దాంట్లో కూడా పెట్టవా?"

"ఒక మనిషిని రెండింట్లోనూ చదవకూడదు వదినా."

"కూడదని తెలిసే అడుగుతున్నా. వాడు అక్కడే ఉంటే ఇన్నాళ్లుగా వాడికోసం ఒక్కళ్లైనా ఒక దీపం పెట్టలేదు. చిన్నప్పుడు చీకటంటే ఎంత భయమో నీకు తెలుసుగా."

"మరి మొదటి జాబితాలోంచి తీసేయనా?"

"వద్దొద్దు. అది మీ అన్నయ్యది. ఆయనకి చెప్పకు. ఆ నమ్మకం తీసేస్తే మనిషి మిగలడు. నేను ఇంట్లో వాడి పళ్లెం పెడుతూనే ఉంటాలే."

ఫాదర్ దోసితే దగ్గర ఒప్పుకున్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "చదువు. తప్పయితే దానికి నేను జవాబు చెప్పుకుంటాను" అన్నారు. నీ పక్క బల్ల మనిషే.

నీకు రాసిన మొదటి జవాబులో సగమే చెప్పాను. వదినకి ఇచ్చిన మాట అడ్డొచ్చింది. ఇప్పుడు ఆమె లేదు, నువ్వు సూటిగా అడిగావు.

షియో


త్బిలిసి,
9 నవంబరు

ఒతార్‌కి,

శనివారం బస్సుకి వస్తున్నాను. నేను వచ్చేదాకా ఎత్తొద్దు.

ఎలిజ్బార్


ఖేవిస్కారి మఠం,
18 నవంబరు

అన్నయ్యా,

నువ్వు భోజనం చెయ్యకుండానే వెళ్లిపోయావు. బస్సు దొరికిందో లేదో తెలియలేదు.

ఇంకోసారి చెప్పడం బాధే, అయినా రాస్తున్నాను. రాయి తీయగానే వచ్చిన ఆ వాసనతోనే నాకు తెలిసిపోయింది. నువ్వు మాత్రం కొత్త కోటు చేతులు మడిచి సొరబుర్ర నువ్వే ముంచావు. నీకూ తెలిసే ఉంటుంది. పులిసిపోయిందని ఎవరూ పైకి అనలేదు. ఊరివాళ్లంతా గిన్నెలు పట్టుకుని, తాగేముందు నువ్వు ఏ మాట చెబుతావా అని చూస్తున్నారు. పెళ్లి మాట చెబితే చప్పట్లు కొట్టాలి. చావు మాట చెబితే రొట్టె ముక్క ముంచి నాలుగు చుక్కలు నేల మీద వదలాలి. రొట్టె కూడా తెచ్చి పెట్టుకున్నారు.

ఫాదర్ దోసితే, "ఏదో ఒకటి అను ఎలిజ్బార్" అన్నారు.

"నువ్వు అను. మాట మార్చడం నీకు బాగా వచ్చు" అన్నావు.

అని ఆ పుల్లటిదాన్ని గుక్క తిప్పుకోకుండా తాగేశావు. మాట చెప్పకుండా గిన్నె ఎత్తినవాణ్ణి మన వైపు ఎప్పుడూ చూడలేదని ముసలివాళ్లు ఇంకా అనుకుంటూనే ఉన్నారు. మిగతావాళ్లకి ఏం చెయ్యాలో తెలియక గిన్నెలు కింద పెట్టేశారు. ఫాదర్ దోసితే ఒక్కరే తనది తాగారు. ఆయనకి ఆ రాత్రంతా కడుపు నొప్పి.

కాగు ఖాళీ చేశాం. లోపలికి నేను దిగలేను, రొమ్ము పట్టు ఇంకా వదల్లేదు. చెర్రీ బెరడు కుంచెతో వేరేవాళ్లు కడిగారు. మెడ దగ్గర బెత్తెడు చీలిక ఉంది. సున్నం పెడితే పనికొస్తుంది, లేదంటే పగలగొట్టి తీసెయ్యాలి. ఏం చెయ్యమంటావు? ఉంచితే వచ్చే ఏడాది ఎవరి పేరున నింపాలి? పులిసినది జాడీల్లో పోసి ఉంచాను.

షియో


త్బిలిసి,
27 నవంబరు

ఒతార్‌కి,

బస్సు దొరికింది. పక్క సీటు ఆయన నా నోటి వాసనకి ముఖం తిప్పుకుని కూర్చున్నాడు.

నాకు మాట రాలేదని మీరంతా అనుకుని ఉంటారు. రెండు మాటలూ నాలుక మీదే ఉన్నాయి. ఒకటి అబద్ధం. రెండోది మక్వాలాకి ఎన్నడో తెలుసు, నీకు తెలుసు, నా పక్క బల్లవాడికి కూడా తెలుసు. అందరికన్నా ఆఖరున తెలుసుకున్నవాడు లేచి నిలబడి అందరికీ ఎలా చెబుతాడు?

ప్రతి కొత్త సంవత్సరానికీ ఆమె మూడో పళ్లెం పెట్టేది. నేను ఆ పళ్లెం వైపు చూసి "ఈ ఏడాది వస్తాడులే" అనేవాణ్ణి. అనకపోతే ఆమె కూలిపోతుందనుకున్నాను. నేను నమ్మానో లేదో నన్ను నేను ఎప్పుడూ అడగలేదు, ఆమె కోసం అంటున్నాను కదా, చాలనుకున్నాను. ఆమె నా కోసం పళ్లెం పెట్టేది. ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చుని ఇద్దరం ఒకరికోసం ఒకరం నటించాం. కొడుకు పోతే ఆలుమగలు కలిసి ఏడుస్తారు. మాకు అది కూడా దక్కలేదు. నువ్వు ఒక్క ఉత్తరం రాసి ఉంటే దక్కేది. ఆమె చెప్పొద్దంది అంటావు. నిజమే. నువ్వు ఎప్పుడూ ఎవరికో ఇచ్చిన మాట వెనకే ఉంటావు.

నా మాట మాత్రం ఎన్నడు విన్నావు? మఠంలో చేరొద్దన్నాను, చేరావు. నాన్న ఇల్లు ఖాళీగా వదలొద్దన్నాను, వదిలావు. జన్మకి ఒక్కసారి, వినకూడని మాట అన్నాను. అదొక్కటే విన్నావు. ఎత్తొద్దని నేను రాస్తే, ఉత్తరం పొయ్యిలో పడేసి, చప్పుడు కాకుండా పక్క కాగులోకి మార్చి ఊరుకోవాల్సింది. తమ్ముడన్నవాడు ఆ మాత్రం మోసం చెయ్యాలి.

నువ్వు నా మెట్ల మీద కూర్చున్న రోజులూ, మట్టి ఎండిన రోజులూ ఒకటేనని నాకు తెలుసు. నువ్వు ఆ రెంటినీ పక్కపక్కన పెట్టి ఎక్కడా రాయలేదు. రాసి ఉంటే నిన్ను తిట్టేవాణ్ణి. ఆ వీలు కూడా ఇవ్వలేదు. సన్యాసుల్లో నేను భరించలేనిది ఇదే.

కాగు పగలగొట్టొద్దు. సున్నం పెట్టించు. ఎవరి పేరునా నింపొద్దు. ఆ ఏడాది పోసింది ఆ ఏడాదే తాగెయ్యండి. పులిసినది పారబొయ్యకు, నాకు పంపు. పెళ్లికీ చావుకీ పనికిరాదు కానీ దోసకాయ ముక్కల మీదికి పులుపుగా పనికొస్తుంది. ఇక్కడ తినేవాణ్ణి నేనొక్కణ్ణే.

చనిపోయినవాళ్లలో జకారియా పేరు రెండుసార్లు చదువు, ఇప్పుడు చదువుతున్నట్టే. గీత తర్వాత 1993 అని రాశాను. నా చేత్తో, పెన్సిలుతో కాదు. బతికున్నవాళ్లలో వాడి పేరు కొట్టెయ్యి. అక్కడ ఒక చోటు ఖాళీ అవుతుంది కదా, నా పేరు రాయి. నాకు భక్తి పుట్టిందని మీ దోసితేకి చెప్పకు, అలాంటిదేమీ లేదు. రోజూ పొద్దున్నే ఎవరో ఒకరు చెయ్యి తడిపి మెత్తకపోతే ఏమవుతుందో ఆ గిన్నెలో రుచి చూశాను.

ఎలిజ్బార్

తా.క. బీరు ఇంకో సీసా ఉంది. పారబొయ్యలేదు. నువ్వు వస్తే ఎదురుగా కూర్చోబెట్టుకుని తాగుతాను. తలుపు గట్టిగా కొట్టు.